సర్వర్లో చేత్తో పెట్టిన లైన్లు

ఆరేళ్ళపాటు, గురువారం వస్తోందంటే బుధవారం పొద్దున్నించే నా కాలు ఒకచోట నిలిచేది కాదు. గురువారం పదకొండు గంటలకి మా అప్లికేషన్ కొత్త వెర్షన్‌ని సర్వర్ మీదికి ఎక్కించాలి. ఆ పని నాది.

మా ఆఫీసు బళ్ళారి బ్రూస్‌పేటలో, స్టీలు సామాన్ల దుకాణం పైన రెండు గదులు. మేం చేసే సాఫ్ట్‌వేర్ మరీ గొప్పదేం కాదు. వడ్లు తోలుకొచ్చే ట్రాక్టర్లకి రైసుమిల్లు దగ్గర వరస ఇచ్చే టోకెన్ అప్లికేషన్. రైతు ఇంటి దగ్గరే ఫోన్‌లో బండి నంబరు కొడితే టోకెన్ వస్తుంది. వంతు దగ్గర పడగానే మెసేజ్ వస్తుంది. సిరుగుప్ప చుట్టుపక్కల చాలా మిల్లుల్లో ఇదే నడుస్తుంది. ఇది రాకముందు మా నాన్న ప్రతి కోతకీ రెండేసి పగళ్ళు మిల్లు గేటు ముందు ట్రాలీ నీడలో కూర్చునేవాడు. అందుకే ఈ ఉద్యోగంలో చేరానని చెప్తే వినడానికి బాగుంటుంది కానీ అది అబద్ధం. బళ్ళారిలో సర్వర్ల పని దొరికింది, చేరాను.

మా తాత గోదావరి పక్కనించి తుంగభద్ర కాలవ కిందికి వచ్చి సిరిగేరి దగ్గర వరి మడి కట్టాడు. ఇంట్లో మేం ‘ఏంటి’ అంటాం. ఆఫీసులో ‘ఏంది’ అంటాను. మెట్లు దిగి ఆటో ఎక్కితే కన్నడం. మూడింట్లోనూ నన్ను ‘ఎందుకంత కంగారు’ అనే అడుగుతారు.

కంగారు ఎందుకంటే, ఎక్కించడమన్నది ఒక్క పని కాదు, ఇరవై ఏడు పనులు. పొడుగు నోటుబుక్కులో వరసగా రాసుకున్నాను. ఎక్కడో ఉన్న అద్దె సర్వర్లోకి ఇక్కణ్ణించి లాగిన్ కావాలి. డేటాబేసు నకలు తియ్యాలి. నడుస్తున్న అప్లికేషన్‌ని ఆపాలి. కొత్త ఫైళ్ళు కాపీ చెయ్యాలి. సెట్టింగుల ఫైలు తెరిచి ఫలానా లైన్లు మార్చాలి. మళ్ళీ మొదలుపెట్టాలి. ఇదంతా రెండో సర్వర్ మీద ఇంకోసారి చెయ్యాలి. ఒక్కో పనీ కాగానే పెన్సిల్‌తో టిక్ పెట్టేదాన్ని. మధ్యలో ఎవరైనా “టీ తాగుతావా” అని అడిగినా ఎక్కడున్నానో మర్చిపోతానని భయం. పని అయ్యాక కూడా కూర్చోలేను. వరండాలోకి వెళ్ళి, వచ్చి, సర్వర్ తన పనులన్నీ రాసుకునే లాగ్ చూసి, మళ్ళీ వెళ్ళి. ఏ ఫోన్ మోగినా మిల్లువాళ్ళేమోనని పరిగెత్తేదాన్ని. పెళ్ళిళ్ళకి వెళ్తే ల్యాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకునే భోంచేసేదాన్ని.

ఆ సర్వర్లని మొదట నిలబెట్టినాయన మా ఆఫీసులోనే ఉన్నాడు. యాభై దాటాయి, అందరం అన్నా అంటాం. అంతకుముందు గనుల లారీలు తూకం వేసే కాంటాల దగ్గర కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఎర్రదుమ్ములో పనిచేసి చేసి దేన్నైనా విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి నడిపించే చెయ్యి వచ్చింది. సర్వర్‌ని కూడా అలాగే చూసేవాడు. ఎక్కడైనా తేడా వస్తే లాగిన్ అయ్యి, ఏదో ఒక లైన్ మార్చి, “ఆయ్తు, నడుస్తాండాది చూడు” అనేవాడు. ఏం మార్చాడో రాసిపెట్టే అలవాటు లేదు. అన్నీ బుర్రలోనే.

ఆ అన్నకి మోకాలి ఆపరేషన్ అని తేలింది. రెండు నెలల తర్వాత చేస్తామన్నారు. ఆ తర్వాత నెలన్నర ఇంట్లోనే. అంటే ఇరవై ఏడు పనులూ, వాటి వెనక ఏమైనా తేడా వస్తే అదీ, నా ఒక్కదాని మీదే.

ఆ వారమే నేను కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ టూల్ ఒకటి నేర్చుకోవడం మొదలుపెట్టాను. దాని గురించి ఎప్పట్నించో విన్నదే, తీరిక లేక ముట్టుకోలేదు. సర్వర్ ఎలా ఉండాలో మనం ఒక ఫైల్లో రాస్తాం. ఈ ప్రోగ్రాం ఉండాలి, ఈ సెట్టింగుల ఫైల్లో ఇవే లైన్లు ఉండాలి, ఈ సర్వీసు నడుస్తూ ఉండాలి. ఆ ఫైలునే ప్లేబుక్ అంటారు. దాన్ని నడిపితే టూల్ వెళ్ళి సర్వర్‌ని చూసి, రాసినట్టు ఉన్నవాటిని వదిలేసి, లేనివాటిని సరిచేస్తుంది. ఉన్నదానికి పచ్చరంగులో ఒక లైన్ చూపిస్తుంది, మార్చినదానికి పసుపు, చెయ్యలేకపోతే ఎరుపు. పదిసార్లు నడిపినా పాడవదు. అది చదివినప్పుడు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. పదిసార్లు చేసినా పాడవని పని నా జీవితంలో ఒక్కటీ లేదు.

అన్నకి చెప్తే మొహం అదోలా పెట్టాడు.

“చేత్తో చేస్తే ఏం పోతాదమ్మా? ఎనిమిదేండ్లు చేసినా గదా.”

“మీరు లేనప్పుడు ఎలాగన్నా?”

“నీ టూలుకు మన సర్వర్ గురించి ఏం తెల్సు?”

“మనం చెప్పిందే తెలుస్తుంది.”

“మనకు తెల్సినాదే మనకు గుర్తుండదు. దానికేం చెప్తావు?”

ఆ మాట సరిగ్గా వినలేదు నేను. అప్పటికే మనసులో ప్లేబుక్ మొదటి పేజీ రాసేస్తున్నాను.

రెండు నెలలు ఉన్న పనుల మధ్యే రాశాను. చిన్న అద్దె సర్వర్ ఒకటి విడిగా తీసుకుని దానిమీద ప్రయత్నించేదాన్ని. మొదట్లో అంతా ఎరుపే. ఒక లైన్ ముందు రెండు స్పేసులకి బదులు మూడు పెడితే మొత్తం ఆగిపోయేది. క్రమంగా ఎరుపు తగ్గింది. నోటుబుక్కులో ఇరవై ఏడు పనులూ ఒక్కొక్కటిగా ఫైల్లోకి వెళ్ళాయి. ప్రయత్నాల సర్వర్ మీద వరసగా మూడుసార్లు నడిపాను, మూడోసారి మొత్తం పచ్చ.

అన్నకి ఆపరేషన్ అయిన వారానికి, ఒక గురువారం పదకొండు గంటలకి, అసలు సర్వర్ల మీద నడిపాను. నాలుగు నిమిషాలు. నమ్మలేక గడియారం రెండుసార్లు చూశాను. పచ్చ లైన్ల మధ్య మూడు పసుపు లైన్లు వచ్చాయి. కొత్త వెర్షన్ కదా, మార్పులు ఉంటాయిలే అనుకున్నాను. నడపకముందే ఏం మారబోతోందో చూపించే పద్ధతి ఆ టూల్లో ఉంది. నేను చదివాను కూడా. ఆరేళ్ళ తొందర నన్ను అక్కడ ఆగనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ మూసేసి హోటలుకి వెళ్ళి కూర్చుని భోంచేశాను. అన్నం తింటున్నంతసేపూ చెయ్యి సంచి కోసం తడుముకుంటూనే ఉంది.

మర్నాడు తొమ్మిదిన్నరకి నాన్న ఫోన్.

“అమ్మాయ్, ఆఫీసులో ఉన్నావా? ఇక్కడ మిల్లు దగ్గర మీ టోకెన్ పనిచెయ్యట్లేదంట. గేటు తియ్యట్లేదు. నలభై బళ్ళదాకా ఉన్నాయి.”

“మీ బండి కూడా ఉందా?”

“ఉంది. పైన మబ్బు పట్టి ఉంది.”

మబ్బు అన్న మాటతో నేను లేచి నిలబడ్డాను. తడిసిన వడ్లంటే ఏమిటో ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సర్వర్ చూశాను. నడుస్తోంది. మిగతా మిల్లుల్లో టోకెన్లు కదులుతున్నాయి. ప్లేబుక్ మళ్ళీ నడిపితే మొత్తం పచ్చే, ఒక్క పసుపు లైన్ లేదు. అంటే నేను రాసినట్టే ఉంది సర్వర్. ఇక తప్పు మిల్లులోనే ఉండాలి. మిల్లుకి ఫోన్ చేస్తే కాంటా గుమాస్తా, “పేజీ తిరుగుతానే ఉండాది మేడమ్, తెరుచుకోల్యా” అన్నాడు. అన్నకి చేశాను, ఎత్తలేదు. మా ఓనరుకి చెప్తే, “వెళ్ళి చూసి రామ్మా, ఇక్కడ కూర్చుంటే ఏం తెలుస్తుంది” అన్నాడు.

సిరుగుప్ప బస్సులో నిలబడే వెళ్ళాను. సీటు ఉంది, కూర్చోలేకపోయాను. దారి పొడుగునా కోసిన మళ్ళు, కోయని మళ్ళు, రోడ్డుమీద ఆరబోసిన వడ్లు. మబ్బు మాతోపాటే వస్తోంది. ప్రతి పది నిమిషాలకీ అన్నకి ఫోన్ చేస్తూనే ఉన్నాను.

మిల్లు ఇంకా అర కిలోమీటరు ఉండగానే ట్రాక్టర్లు మొదలయ్యాయి. బస్సు దిగి వాటి పక్కనే నడిచాను. డ్రైవర్లు నన్ను చూసి ఏమీ అనలేదు, నేనెవరో వాళ్ళకి తెలియదు కదా. మా నాన్న బండి మధ్యలో ఎక్కడో ఉంది. వడ్ల మీద కప్పిన తాటిపత్రి తాళ్ళు బిగిస్తున్నాడు. నన్ను చూసి తలూపాడు, అంతే.

కాంటా గదిలో గుమాస్తా ముందు ఒక పాత కంప్యూటర్. దాని డబ్బా పసుపురంగుకి తిరిగిపోయింది. తెరమీద సురక్షితమైన కనెక్షన్ కుదరలేదని ఇంగ్లీషులో ఒక వాక్యం. ఫోన్లో ఆ మాట నాకు చెప్పలేదు ఈయన, ఎందుకంటే అది ఆయనకి ‘తిరుగుతానే ఉండడం’.

“ఎప్పట్నించి ఇలా ఉంది?”

“నిన్న మధ్యాన్నం నుంచి మేడమ్. నిన్న కాగితం మీద రాసుకోని పంపిచ్చినా. ఈ పొద్దు ఇన్ని బండ్లు, యాడ రాసేది?”

“దీంట్లో ఏమైనా మార్చారా?”

“నాకేం గొత్తు మేడమ్ మార్చేకి? ఒగసారి ఇట్లనే అయితే మీ అణ్ణ వచ్చి చూసె. ‘నీ కంప్యూటరు ముసలిదయ్యిందప్పా, మా సర్వర్లోనే సర్దుతా’ అనె. అప్పట్నుంచి నడుస్తానే ఉండె.”

మా సర్వర్లోనే సర్దుతా. నిన్నటి మూడు పసుపు లైన్లు కళ్ళముందుకి వచ్చాయి.

సరిగ్గా అప్పుడే అన్న ఫోన్ చేశాడు. ఫిజియోథెరపీలో ఉన్నాడట, ఫోన్ బయట భార్య దగ్గర ఉందట.

“ఏ మిల్లు?” అన్నాడు. చెప్పాను.

“సెట్టింగుల ఫైల్లో అడుగున ఒగ లైన్ ఉండల్ల. పాత కంప్యూటర్లను గూడా లోపలికి రానియ్యమని. ఉండాదేమో చూడు.”

ల్యాప్‌టాప్ బస్తాల మీద పెట్టి, ఫోన్ నెట్‌తో సర్వర్లోకి వెళ్ళి చూశాను.

“లేదన్నా.”

“నీ టూలు తినేసినాది.”

టూల్ తినలేదు. ఫైలు ఎలా ఉండాలో నేను రాశాను, ఆ లైన్ ఉందని నాకు తెలియదు, నేను రాసినట్టు చేసింది. పాత ఫైలు నకలు ఉంచమని చెప్పి ఉంటే ఉంచేది. అదీ చెప్పలేదు. ఇవన్నీ ఆయనతో వాదించే సమయం కాదు. ఆయన బల్లమీద పడుకుని, కాలు ఎవరో వంచుతుంటే మూలుగుతూ, ఆ లైన్ అక్షరం అక్షరం చెప్పాడు. ఎనిమిదేళ్ళ పనిలోంచి ఒక్క చుక్క కూడా తప్పు పోకుండా చెప్పాడు. నేను కొట్టి, సర్వీసు మళ్ళీ మొదలుపెట్టాను. గుమాస్తా తెరమీద టోకెన్ల వరస వచ్చింది. గేటు తీశారు.

బయటికి వస్తే డ్రైవర్లు ఇంజన్లు స్టార్ట్ చేస్తున్నారు. ఒకాయన అడిగాడు, “ఏమైండెనంట?”

సర్వర్ డౌన్ అయిందని చెప్తే సరిపోయేది. అందరికీ తెలిసిన మాట, ఎవరి తప్పూ కాని మాట. నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు.

“నిన్న నేనొక మార్పు చేశానండీ. మీ మిల్లుకి కావలసింది ఒకటి దాంట్లో పోయింది. నాదే తప్పు,” అన్నాను.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. “నెట్‌వర్క్ అంటావనుకున్యా,” అని బండి ఎక్కాడు.

నాన్న బండి మూడింటికి కాంటా ఎక్కింది. నాలుగున్నరకి జల్లు పడింది. అప్పటికి బయట ఇంకా ఎనిమిది ట్రాలీలు ఉన్నాయి. తాటిపత్రులు కప్పారు, అయినా గాలికి అంచులు లేచి పైబస్తాలు తడిశాయి. మా బండి లోపల ఉండడం నాకు ఊరటగా లేకపోగా ఇంకా బాధగా ఉంది. నాన్న తల తుడుచుకుంటూ, “ఇంకోసారి ఏదైనా మార్చే ముందు ఒక ఫోన్ చెయ్యి. ఆ రోజు కొయ్యం,” అన్నాడు. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు.

మర్నాడు అన్న ఇంటికి వెళ్ళాను. ఆఫీసుకి రెండు సందుల అవతలే. నులకమంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు, మోకాలి కింద రెండు దిళ్ళు. నేను ల్యాప్‌టాప్ తియ్యగానే ఎందుకు వచ్చానో అర్థమైంది ఆయనకి.

“మీరు చేత్తో మార్చినవన్నీ నాకు చెప్పండన్నా. ప్లేబుక్‌లో రాస్తాను.”

“అన్నీ అంటే?”

“గుర్తున్నవన్నీ.”

గోడవైపు చూశాడు. “అన్నీ నీకు రాసిచ్చినాంక నేనేం చెయ్యల్ల? ఆఫీసులో టీ తాగేకి వస్తానా?”

రెండు నెలలుగా నా కంగారు తీరడం గురించే ఆలోచించాను గానీ ఆయన గురించి ఒక్కసారి ఆలోచించలేదు. వంటింట్లోంచి వదిన వచ్చింది, చేతిలో మజ్జిగ.

“చెప్పెయ్‌రాదా ఆ పాపకు,” అంది. “ఎనిమిదేండ్లాయె, స్నానానికి పోతే గూడా మొబైలు కిటికీలో పెట్టుకోని పోతాడమ్మా ఈయప్ప. తిరుమలకు పోతే కొండెక్కినాంక గూడా ఫోన్లోనే. నన్ను కాదు, ఆ సర్వర్‌నే పెండ్లి చేసుకున్యాడు.”

అన్న నవ్వలేదు. కానీ ఆ రోజు మూడు లైన్లు చెప్పాడు.

తర్వాత రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి వెళ్ళేదాన్ని. ఆయన సర్వర్లో ఒక్కో మూలా చూపించేవాడు, ఎందుకలా పెట్టాడో చెప్పేవాడు, నేను ప్లేబుక్‌లో రాసి పక్కనే కారణం కూడా రాసేదాన్ని. ప్రతి లైన్ వెనకా ఒక మనిషి ఉండేవాడు. ఒక మిల్లులో గుమాస్తాకి కళ్ళు ఆనవు, తన పేజీలో అక్షరాలు పెద్దగా రావాలి. ఇంకో మిల్లుకి మధ్యాహ్నం కరెంటు పోతుంది, వాళ్ళ కనెక్షన్ తెగినా టోకెన్ రద్దు కాకుండా అరగంట ఆగాలి. కొన్ని ఆయనకే గుర్తురాలేదు. ఒక లైన్ దగ్గర పది నిమిషాలు తల గోక్కుని, “ఎందుకో పెట్టినా. తీస్తే ఏదో అయ్యిండె. తియ్యొద్దు,” అన్నాడు. దాని పక్కన అలాగే రాశాను: ఎందుకో తెలియదు, తియ్యొద్దు.

సిరుగుప్ప మిల్లు లైన్ గురించి ఆయనే చెప్పాడు. పాత కంప్యూటర్ల కోసం తలుపు తీసిపెడితే దొంగలకి కూడా సందు దొరుకుతుంది, అది అందరికీ ఉండకూడదు, తీరిక దొరికితే ఆ ఒక్క మిల్లుకే వేరే దారి పెడదామనుకున్నాడట. ఎనిమిదేళ్ళలో ఆ తీరిక దొరకలేదు. ఇద్దరం కలిసి ఆ మధ్యాహ్నమే వేరే దారి పెట్టాం.

అయిదో రోజో ఆరో రోజో, సర్వర్లో తనంతట తాను నడిచే పనుల జాబితా తెరిచాను. రోజూ ఒంటిగంటకి అప్లికేషన్‌ని ఆపి మళ్ళీ మొదలుపెట్టే పని ఒకటి కనిపించింది. ఒంటిగంటకి పేజీ ఒక నిమిషం ఎందుకు నత్తనడక నడుస్తుందో కనిపెట్టాలని నేను ఏడాది పాటు తన్నుకున్నాను.

“ఇదేంటన్నా?”

“మెమరీ తినేస్తాండె అది,” అన్నాడు. “యాడ తింటాందో నాకు దొరకల్యా. నెల రోజులు ఎతికినా. పగలు అన్నానికి పోయే టైములో ఒకసారి ఆపి లేపితే సరిపోతాదని పెట్టినా. నువ్వు దానికోసం ఎతుకుతాంటే చూసినా. చెప్పేకి సిగ్గయ్యిండె.”

ఆయన మొహం చూస్తే నాకు కోపం రాలేదు. నా కడుపులో కూడా ఒకటి ఉంది. రెండేళ్ళ కిందట ఒక గురువారం నేను నకలు తియ్యడం మర్చిపోయి, తీసినట్టు టిక్ పెట్టేశాను. ఆ రోజే డేటాబేసు పాడై ఒక మిల్లు టోకెన్లన్నీ పోయాయి. సర్వర్లు చూసుకునేది అన్న కాబట్టి ఓనరు అందరి ముందూ ఆయన్ని నిలబెట్టి అరిచాడు. నేను నా బల్ల దగ్గర తల వంచుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రం చెప్దామనుకున్నాను. మర్నాడు అనుకున్నాను. తర్వాత ఇక చెప్పే రోజు దాటిపోయింది.

“అన్నా, ఆ డేటా పోయిన రోజు నకలు తియ్యనిది నేనే.”

“తెల్సు,” అన్నాడు.

“తెలుసా?”

“ఎవరు ఎన్ని గంటలకు ఏం కొట్టినారో లాగ్‌లో ఉంటాది గదమ్మా. ఆ పొద్దే చూసినా.”

“మరి సార్‌కి ఎందుకు చెప్పలేదు?”

“చెప్పి ఏం చేసేది? నకలు ఉండాదా లేదా అని ఒకసారి చూసుకోవాల్సినాది నేను. నేనూ చూడల్యా.” దిండు సర్దుకున్నాడు. “రాసుకో. ఒంటిగంట పని గూడా రాసుకో. కారణం దగ్గర నా పేరు పెట్టొద్దు.”

వదిన తెచ్చిన మజ్జిగ ఒక్క గుక్కలో తాగేసి మెట్లు దిగాను. ఇంటికి వెళ్ళే ఆటో ఎక్కకుండా ఊరికే రెండు వీధులు తిరిగాను.

అన్న కర్ర పట్టుకుని ఆఫీసుకి వచ్చిన వారానికే సర్వర్లు అద్దెకిచ్చినవాళ్ళు, ఆ పాత మెషీన్లు తీసేస్తున్నాం, కొత్తవాటికి మారండి అని మెయిల్ పెట్టారు. ఇదివరకైతే ఆ మెయిల్ చూసి నాకు జ్వరం వచ్చేది. మొదటిసారి ఆ సర్వర్లని నిలబెట్టడానికి అన్నకి పదిహేను రోజులు పట్టిందట.

ఈసారి ముందు మిల్లులన్నింటికీ ఫోన్ చేశాం. నాన్నకి కూడా చేశాను. మంగళవారం పన్నెండు గంటలకి, ఖాళీ సర్వర్ మీద, ఏం చెయ్యబోతోందో చూపించమని టూల్‌ని అడిగాం. వచ్చిన జాబితా అన్న పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. వేలు కీబోర్డు మీద పెట్టి నావైపు చూశాడు.

“నొక్కేదా?”

“నొక్కండన్నా.”

లైన్లు పోతున్నాయి. ఖాళీ సర్వర్ కదా, అంతా పసుపే. సగంలో ఎరుపు వచ్చి ఆగింది. అన్న చెయ్యి వెంటనే లాగిన్ కావడానికి పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఫోల్డర్ ఒకటి తయారు చెయ్యమని నేను రాయడం మర్చిపోయాను, అంతే. ఫైల్లో ఆ రెండు లైన్లు కలిపి మళ్ళీ నడిపాం. ఇరవై నిమిషాల్లో కొత్త సర్వర్ లేచింది. సిరుగుప్ప గుమాస్తాకి ఫోన్ చేస్తే, “నడుస్తాండాది మేడమ్, ఏమైనా చేసినారా?” అన్నాడు. ఓనరు లోపల్నించి వచ్చి, “ఎప్పుడు మొదలుపెడ్తారు?” అని అడిగాడు. అయిపోయిందంటే కాస్త నిరాశపడ్డాడు కూడా.

ఇంతటితో నా కంగారు తీరిందంటే బాగుండేది. తీరలేదు. గురువారం పనికి ఇప్పుడు చూసుకోవడం, నడపడం అన్నీ కలిపి పావుగంట. మిగిలిన సమయమంతా చేతుల్లో బరువుగా ఉంటుంది. ఏమీ మోగని ఫోన్ తీసి మోగిందేమోనని చూస్తాను. ఓనరు ఆ ఖాళీ గమనించి, వారానికి రెండు రోజులు మిల్లులు తిరిగి ఎవరికి ఏం ఇబ్బందో చూసి రమ్మన్నాడు. ఆ పని నాకు నచ్చింది. బస్సులో తిరుగుతుంటే కాలు ఒకచోట నిలవకపోయినా ఎవరూ అడగరు.

అన్న అవస్థ నాకంటే ఎక్కువ. మొన్నామధ్య ఒక మిల్లువాళ్ళు ఏదో అడిగితే ఎప్పట్లా నేరుగా సర్వర్లోకి వెళ్ళి చేత్తో మార్చేశాడు. గురువారం ప్లేబుక్ నడపబోయే ముందు చూస్తే ఆ మార్పు జాబితాలో తేడాగా కనిపించింది. ఎవరు చేశారో తెలియక నేను ఆగాను. ఆయన లేచి వచ్చి, తెర చూసి, గదంతా వినపడేట్టు అరిచాడు.

“నేను చేసినాదాన్ని తీసేకి ఇదెవరు?”

“తియ్యలేదన్నా, అడుగుతోంది. ఫైల్లో రాస్తే ఉంచుతుంది.”

“నేను రాయను.”

వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నేనూ నడపలేదు. గంట గడిచింది. మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళిపోయారు. తర్వాత కర్ర చప్పుడు వినిపించింది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని ఫైలు తెరిచాడు. రెండు వేళ్ళతో ఒక లైన్ కొట్టాడు. ఎరుపు. ఇంకోసారి కొట్టాడు. మళ్ళీ ఎరుపు.

“ఏమయ్యిండాది దీనికి?”

“లైన్ ముందు ఒక స్పేసు ఎక్కువైంది.”

“ఒక్క స్పేసుకు ఇంత కిరికిరా?”

తీసేశాడు. పైలైన్‌తో సమానంగా ఉందో లేదో తెర మీద వేలు పెట్టి చూసుకున్నాడు. ఆ లైన్ పక్కన కారణం ఏం రాయాలని అడిగాడు. ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో రాయమన్నాను. చాలాసేపు ఆలోచించి మిల్లు పేరు, ఊరు, గుమాస్తా ఫోన్లో ఏమన్నాడో ఆ మాట యథాతథంగా రాశాడు. నాకు సిరుగుప్ప బస్సుకి టైమవుతోంది. సంచి తీసుకుని లేచాను. ఆయన తల ఎత్తకుండానే, “నువ్వు పో, నేను నొక్కుతా,” అన్నాడు.